పసుపు పూసిన రేసు సైకిల్

మొదటిసారి ఆ సైకిల్‌ను ఎత్తినప్పుడు నా చేతులు మోసపోయాయి. ఇనుము కదా అని నడుం బిగించి, ఊపిరి బిగబట్టి రెండు చేతులా లేపాను. అది ఒక్కసారిగా పైకి లేచిపోయింది. ముందు చక్రం దండెం మీది బట్టలకు తగిలి తడి లుంగీ ఒకటి నా నెత్తిన పడింది.

కోరుట్లలో మా తమ్ముడి ఇంటి వాకిలి అది. తమ్ముడు గడపలో కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాడు.

"మెల్లగనే అక్కా! మన నాయిన తొక్కిన నల్ల సైకిలనుకున్నవా? అది గాలికే లేస్తది."

లుంగీ తీసి దండెం మీద వేసి మళ్లీ ఎత్తాను. ఈసారి ఒక్క చేత్తో. లేచింది. మనిషిని మోసే వస్తువు మనిషి చేతికి ఇంత తేలికగా ఎలా ఉంటుందో నాకు అర్థం కాలేదు. ఇప్పటికీ పూర్తిగా కాలేదు. రోజూ పొద్దున గడప దాటించేటప్పుడు ఒక క్షణం ఆగి, ఆ తేలికను చేత్తో చూసుకుంటాను.

తమ్ముడు మస్కట్‌లో ఒక తెల్ల ముసలాయన ఇంట్లో పదకొండేళ్లు తోటపని చేశాడు. ఆ ముసలాయన వయసులో ఉన్నప్పుడు పందేల్లో తొక్కిన సైకిల్ ఇది. తన దేశానికి తిరిగి వెళ్తూ తమ్ముడి చేతిలో పెట్టాడట. తమ్ముడు దాన్ని ముక్కలుగా విప్పి, రెండు రగ్గుల్లో చుట్టి, సబ్బుల, పాలపొడి డబ్బాల మధ్య కార్గో పెట్టెలో ఇంటికి పంపాడు. తను తిరిగొచ్చాక మళ్లీ బిగించి, టీవీ పక్కన గోడకు రెండు మేకులు కొట్టి వేలాడదీశాడు. చుట్టాలు వస్తే దాని కింద నిలబడి ఫొటోలు దిగేవాళ్లు. ఎవరూ తొక్కలేదు.

సన్నటి గొట్టాలు, వానాకాలం తెరిపిచ్చినప్పటి ఆకాశం రంగు. హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా ముందుకు పోయి కిందికి ఒంపు తిరిగి ఉంది. సీటు అరచేతి వెడల్పు తోలు ముక్క. టైర్లు నా బొటనవేలి కంటే కొంచెం లావు. గొట్టం మీద ఏవో ఇంగ్లీషు అక్షరాలు సగం చెరిగిపోయి ఉన్నాయి. స్టాండు లేదు, క్యారియర్ లేదు, గంట కూడా లేదు.

నేను కోరుట్ల వెళ్లింది దాని కోసం కాదు. తమ్ముడి దగ్గర ఏదైనా పాత సైకిల్ పడి ఉంటే అడుగుదామని వెళ్లాను. ఎందుకంటే నా మిషన్ పోయేలా ఉంది.

సిరిసిల్లలో మాది సాంచాల ఇల్లు. మరమగ్గాలను మేం సాంచాలంటాం. మా ఆయన ముప్పై ఏళ్లు సాంచాలు నడిపాడు, బాగుచేశాడు. ఆయన పనిచేసిన సాంచాల షెడ్డు మూతబడ్డాక ఎవరైనా పిలిస్తే వెళ్లి ఒక నట్టో పట్టీయో సరిచేసి వస్తున్నాడు. చూపు తగ్గి, ఉన్న ఒక్క బండీ అమ్మేశాడు. ఇంట్లో నిలకడగా ఉన్నది నా కుట్టు పని ఒక్కటే. ఊరికి ఏడు కిలోమీటర్ల దూరంలో ఒక షెడ్డులో బడిపిల్లల చొక్కాలు కుడతాం. నాది చేతులు అతికే మిషన్. ఎనిమిదింటికి గేటు వేస్తారు. ఆ తర్వాత వస్తే రిజిస్టర్‌లో పేరు పక్కన ఎర్ర గీత. మూడు గీతలు పడితే మిషన్ ఇంకొకరిది. బయట అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

మునుపు ఆరుగురం కలిసి ఒక ఆటోలో వెళ్లేవాళ్లం. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక సవారీలు దొరక్క ఆ ఆటో ఆయన ఆటో అమ్ముకున్నాడు. మా దారిలో మొదటి బస్సు ఎనిమిదిన్నరకు వస్తుంది. మిగతావాళ్లను కొడుకులో భర్తలో బండ్ల మీద దింపుతున్నారు. నేను నడిచాను. రెండు వారాల్లో రెండు ఎర్ర గీతలు పడ్డాయి.

ఆ గీతలను నేనే చదివాను. నలభై ఆరో ఏట మా గల్లీలో రిటైరైన పంతులమ్మ దగ్గర అక్షరాలు నేర్చుకున్నాను. వాటితో నా పేరు చదువుకోగలగడం ఎంత సంబరమో అప్పుడు తెలిసింది. నా పేరు పక్కన ఏముందో చూడగలగడం ఎంత భయమో ఇప్పుడు తెలిసింది.

తమ్ముడు ఇదంతా విని లేచి గోడ మీది సైకిల్‌ను దించి వాకిట్లోకి తెచ్చాడు.

"తీస్కపో."

"నీకేమన్న పిచ్చా? గంత మంచిది, గోడకున్నది, నాకెందుకురా?"

"గోడకుంటే ఏమొస్తది? నాకు సైకిల్ నేర్పింది నువ్వు గాదా?"

నేర్పింది నేనే. చిన్నప్పుడు నాయిన నల్ల సైకిల్‌ను కైంచి తొక్కేదాన్ని. అంటే సీటు అందక, గొట్టం కిందుగా కాలు పెట్టి వంకరగా తొక్కడం. కార్ఖానాకు వెళ్లి అమ్మకు బీడీ ఆకు, తంబాకు తెచ్చేదాన్ని. తమ్ముడిని వెనక కూర్చోబెట్టుకుని బడికి తీసుకుపోయేదాన్ని. నేను రోజూ బడి గేటు దాకా వెళ్లాను. లోపలికి వెళ్లలేదు. తిరిగి వచ్చి బీడీల చాట ముందు కూర్చునేదాన్ని. ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆ రోజు కూడా తమ్ముడు టైరు నొక్కి చూసి, "రబ్బరు పలిగిపోయింది, జగిత్యాలకు పోదాం" అన్నాడు, అంతే.

జగిత్యాలలో నాలుగు దుకాణాలు తిరిగాం. ఆ సన్నటి టైరు చూసి కుర్రవాళ్లు తలలు అడ్డంగా ఊపారు. ఐదోది పాత బజారులో ఒక ముసలి మిస్త్రీ దుకాణం. ఆయన స్టూలు మీద కూర్చుని పంక్చరు వేస్తున్నాడు. తమ్ముడు కిరాయి వ్యానులోంచి సైకిల్ దించగానే చేతిలో ఉన్న ట్యూబును తొట్టి నీళ్లలో వదిలేశాడు. లేచి వచ్చి, చేతులు లుంగీకి తుడుచుకుని, ముందు సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత వంగి, గొట్టాలు కలిసిన చోట వేలు పెట్టి రాశాడు.

"గీడ చూడు చెల్లె. అతుకు కనవడ్తుందా?"

"లేదన్నా."

"కనవడది. గట్ల చేసిండు వాడు. యాభై ఏండ్ల సంది సైకిళ్లు విప్పుతున్న. గిట్లాంటిది బొమ్మలల్ల చూసిన గంతే. ఎవడు చేసిండో గని, వాని చేతులకు మొక్కాలె."

సరిపోయే టైర్లు ఆయన దగ్గరా లేవు. ఇప్పటి పిల్లలు తొక్కే గేరు సైకిళ్లకు వచ్చేవాటిలో ఒక కొలత దీనికి పడుతుందని హైదరాబాద్ నుంచి తెప్పించాడు. సైకిల్‌ను ఆయన దగ్గరే వదిలి, వారం తర్వాత తమ్ముడి బండి మీద మళ్లీ వెళ్లాం. ఆ రోజు ఆయన ఇంకో బేరం పట్టలేదు. సైకిల్‌ను తలకిందులుగా పెట్టి చక్రం తిప్పుతూ, ఒక్కొక్క పుల్లనూ వేలితో మీటి విన్నాడు. మెత్తగా పలికిన దాన్ని చిన్న పానాతో బిగించాడు. పక్కన కూర్చుని నేనూ విన్నాను. సాంచ మీద పడుగు బిగువును మా ఆయన కూడా ఇలాగే అరచేత్తో తట్టి చూసేవాడు. కొంచెం సేపటికి ఏ పుల్ల వదులో మిస్త్రీ కంటే ముందే నాకు తెలిసిపోయింది. "గది" అన్నాను. ఆయన తలెత్తి నన్ను చూశాడు.

"చెవులు మంచిగున్నయ్ నీయి. ఏం పని చేస్తవ్?"

"ఇప్పుడు కుడుత. ఇదివరకు సాంచాలకు నూలు కండెలు చుడుతుంటి."

"గదీ సంగతి" అన్నాడు, తనకేదో లెక్క తేలినట్టు.

గొట్టం మీద రెండు చిన్న మీటలు చూపించి, ఎక్కుడు వస్తే ఇది లాగు, దిగుడు వస్తే ఇది వదులు అని చెప్పాడు. మీట కదిపితే గొలుసు ఒక పళ్ల చక్రం మీద నుంచి ఇంకో పళ్ల చక్రం మీదకు దూకింది, తిరుగుతూ తిరుగుతూనే. తెగలేదు, ఆగలేదు. మా పనిలో ఏది మార్చాలన్నా సాంచ ఆపాలి. ఇది ఆగకుండానే మారింది. నేను నాలుగైదు సార్లు చేయించుకుని చూశాను. మిస్త్రీ విసుక్కోకుండా చేసి చూపించాడు, ఆయనకూ చూడాలనే ఉంది కాబట్టి.

మల్యాల నుంచి సిరిసిల్లకు మక్కల వ్యాను, అంటే మొక్కజొన్నలు మోసేది, ఒకటి ఖాళీగా తిరిగి వెళ్తుందని తమ్ముడు మాట్లాడి పెట్టాడు. జగిత్యాల నుంచి మల్యాల దాకా తొక్కుకుంటూ వస్తానన్నాను.

"అక్కా, పదిహేను కిలోమీటర్లుంటది."

"నువ్వు ఎనుక బండి మీద రా. పడితే లేపు."

"పడుడు సంగతి తరువాత. ముందు ఎక్కుడెట్ల? చీర కట్టుకున్నవ్. నడుమ గొట్టమున్నది."

నిజమే. ఆడవాళ్ల సైకిళ్లకు ఆ గొట్టం ఉండదు. నేను మిస్త్రీ దుకాణం వెనక గోడ చాటుకు వెళ్లి, చీర విప్పి, మా అత్త కట్టినట్టు గోచి పోసి కట్టుకుని వచ్చాను. ఆమె నాట్లు వేసినా మూట మోసినా గోచి చీరతోనే. బిగించి కడితే రెండు కాళ్లూ విడివిడిగా ఉంటాయి, మోకాలు దాకా ఏదీ అడ్డురాదు. చిన్నతనంలో నాకు ఆ కట్టు చూస్తే నామోషీ. ఆ రోజు గొట్టం మీదుగా కాలు వేసి అవతలి పైడిలు మీద పెట్టాక, మా అత్తకు మనసులో దండం పెట్టుకున్నాను.

జగిత్యాల దాటి తారు రోడ్డు ఎక్కాక ఏం జరిగిందో సరిగ్గా రాయగలనో లేదో తెలియదు. రెండు తొక్కులు తొక్కాను. సైకిల్ పోతూనే ఉంది. మళ్లీ తొక్కుదామా అనుకునేలోపే నల్లరేగడి చేను ఒకటి వెనక్కి పోయింది. శబ్దం లేదు. టైర్ల కింద తారు పట్టు గుడ్డ చింపినట్టు సన్నగా పలుకుతోంది, అంతే. రెండు వైపులా పచ్చని పొలాలు, వాటి మీద నుంచి తడి గాలి. మనిషి కాలిలో ఇంత దూరం దాగి ఉందని యాభై ఒక్క ఏళ్లకు తెలిసింది. దూరంగా కొండగట్టు అంజన్న గుట్ట కనిపించి, నేను తొక్కే కొద్దీ పెద్దదయింది. బస్సులో ఎన్నిసార్లు దర్శనానికి వెళ్లలేదు! కానీ గుట్ట నా వైపు నడిచి రావడం అప్పుడే చూశాను. చేతులు జోడించాలనిపించింది, హ్యాండిల్ వదిలితే పడతానని తల వంచాను.

వెనక నుంచి తమ్ముడు హారన్ కొట్టి అరుస్తున్నాడు. "అక్కా, మెల్లగ! నా బండి నలభై మీదున్నది!" అది అబద్ధం. అయినా బాగుంది.

సిరిసిల్లలో మా గల్లీ వాళ్లకు కొన్ని రోజులు నేనే పని.

"ఓ వదినె, ఆధార్ కార్డు చూపిస్తే బస్సు ఫ్రీ ఉండంగ గీ తిప్పలేందే?" అంది పక్కింటామె.

"బస్సు ఫ్రీనే. వచ్చుడే ఫ్రీగ లేదు" అన్నాను.

"గా హ్యాండిలేంది, పొట్టేలును తోల్కపోతున్నట్టు!"

"పొట్టేలైతె పొడుస్తది. ఇది పొడువది."

పంజాబీ డ్రెస్సు వేసుకుంటే ఇంకా చాలా అనేవాళ్లేమో. గోచి చీర చూసి ఏమీ అనలేకపోయారు. వాళ్ల అమ్మలూ అదే కట్టుకున్నారు. కానీ మా ఆయన మాత్రం ఒక్క మాట అనలేదు, మంచీ చెడూ. సైకిల్‌ను దూరం నుంచి చూసేవాడు. ముట్టుకునేవాడు కాదు. చుట్టాల సొమ్మును జాగ్రత్తగా చూసినట్టు చూసేవాడు. ఆలిని పనికి దింపే బండి తన దగ్గర లేదన్న బాధ ఆయన కళ్లలో ఉందని నాకు తెలుసు.

ఏడుంబావుకు బయలుదేరితే ఏడు నలభైకే గేటు దగ్గర ఉండేదాన్ని. ఆ సమయం మిగలడం వల్ల దారి చూడటం అలవాటైంది. ఆటోలో వెళ్తుంటే కిలోమీటరు రాళ్లు గిర్రున వెళ్లిపోయేవి. నా కళ్లు మొదటి అక్షరం పట్టుకునేలోపు రాయి ఉండేది కాదు. నడిచినప్పుడు ఆలస్యమవుతుందన్న భయంలో ఏ రాయీ చూడలేదు. సైకిల్ వేగమూ నా చదువు వేగమూ ఒక్కటే అయ్యాయి. రాయి వస్తుంది, నేను ఊరి పేరు కూడబలుక్కుంటాను, చివరి అక్షరానికి సరిగ్గా రాయి పక్కన ఉంటాను. గోడల మీద ఎరువుల ప్రకటనలు, బడి పేరు, బావి కొట్టం తలుపు మీద సుద్దతో రాసిన ఎవరిదో ఫోన్ నంబరు. ఇంతకాలం ఈ దారి నాతో ఏదో చెబుతూనే ఉందనీ, నేనే వినలేదనీ అనిపించేది. కొన్నిసార్లు షెడ్డు చేరాక, దారిలో చదివిన పేర్లు తోటివాళ్లకు వరసగా అప్పజెప్పేదాన్ని.

రెండు నెలలు మూడో గీత పడలేదు.

దసరా వచ్చింది. మా సిరిసిల్లలో దసరాకు పనిముట్లకు పూజ చేయనివాళ్లుండరు. సాంచాలను తుడిచి, నూనె పెట్టి, పసుపు కుంకుమలు పెట్టి, ఆ రోజు వాటిని నడపకుండా ఉంచుతాం. మా ఆయనకు ఆ ఏడు పూజ చేయడానికి సాంచ లేదు. తన పానాలూ సుత్తీ ఒక పీట మీద పెట్టాడు. నేను నా కత్తెర పెట్టాను. తర్వాత చూస్తే ఆయన వాకిట్లో సైకిల్ ముందు గొంతుకూర్చుని ఉన్నాడు.

అది మొదటిసారి ఆయన దాన్ని ముట్టుకోవడం. నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. ముందు పొడి గుడ్డతో తుడిచాడు. సాంచాలకు వేసే నూనెతో గుడ్డ తడిపి గొట్టాలు రుద్దాడు. చక్రాల అంచులు వెండిలా మెరుస్తాయి. వాటి రెండు పక్కలా ఆ గుడ్డతో మెల్లగా, చుట్టూ, ఎక్కడా వదలకుండా రుద్దాడు. తర్వాత తమ్ముడు కోరుట్ల నుంచి పంపిన పసుపును నూనెలో కలిపి, ఆ అంచుల పక్కల మీద చుట్టూరా బొట్లు పెట్టాడు. ఒక్కో బొట్టు మధ్యలో కుంకుమ. చూపు సరిగా లేని మనిషి, ఒక్క బొట్టు కూడా వంకర పోలేదు. చక్రం తిప్పితే బొట్లన్నీ కలిసి పసుపు గీత అయింది.

"ఎట్లున్నది?" అన్నాడు.

"పెండ్లిపిల్ల లెక్కున్నది" అన్నాను. ఆయన నవ్వాడు. చాలా రోజులకు.

మర్నాడు షెడ్డు ఉంది. ఏడుంబావుకు బయలుదేరాను. ఊరు దాటాక నాలుగు కిలోమీటర్ల దగ్గర రోడ్డు వాగు వైపు దిగుతుంది. కిందనే చిన్న కల్వర్టు, అక్కడే మలుపు. ఆ నెలలో రైతులు రోడ్డు మీదే మక్కలు ఆరబోస్తారు. సగం రోడ్డు పసుపుపచ్చగా, అంచుకు రాళ్లు పేర్చి ఉంటుంది. పండగ మర్నాటి ఖాళీ రోడ్డు మీద అప్పటిదాకా బ్రేకుతో పని పడలేదు; అలవాటు ప్రకారం దిగుడు మొదట్లో నొక్కాను. మీటలు లోపలికి వచ్చాయి. సైకిల్ ఆగలేదు. గట్టిగా నొక్కాను, రెండు చేతులా. చక్రం దేన్నీ లెక్కచేయకుండా జారిపోయింది. చప్పుడు లేని ఆ సైకిల్ అంతకంతకూ వేగం పుంజుకుంటోంది. ఇన్ని రోజులు నేను మొక్కిన ఆ తేలికే ఇప్పుడు నన్ను మోసుకుపోతోంది. కల్వర్టు కనిపించింది. ఎదురుగా ట్రాక్టరు ఎక్కుతూ కనిపించింది. ఇంకేమీ ఆలోచించలేదు. రాళ్ల సందులోంచి మక్కల్లోకి తిప్పాను.

టైరు గింజల్లో దిగబడింది. నేను ముందుకు ఎగిరి మక్కల మీద బోర్లా పడ్డాను. మోచేయి ఒక రాయికి గీరుకుపోయింది. నోట్లో, జుట్టులో, గోచిలో అన్నిచోట్లా మక్కలు.

"ఓ అవ్వా! మక్కలల్ల ఈతేంది!" రోడ్డు పక్కన మూడు రాళ్ల పొయ్యి మీద చాయ పెడుతున్న ఒకామె లేచి పరుగెత్తుకొచ్చింది. నా వయసే ఉంటుంది. "పొద్దుగాల్నే నా మక్కలే దొర్కినయా నీకు? రోడ్డు సగం ఇడిసిన గదా!"

"బ్రేకు పడలేదక్కా."

"బొక్కలేమన్న ఇరిగినయా? లే, లే మెల్లగ. అయ్యో, నెత్తురు!"

ఆమె నన్ను లేపి, తర్వాత సైకిల్‌ను లేపింది. అంటే లేపబోయి, నాలాగే మోసపోయింది. అది ఆమె చేతుల్లోంచి పైకి లేచింది. ఆమె నోరు తెరిచింది.

"గిదేం బండే? గింత అల్కగున్నది?"

చెబుదామనుకునేలోపు ఆమె తన అరచేయి చూసుకుంది. పచ్చగా, జిడ్డుగా ఉంది. చక్రం పట్టుకుని ఎత్తింది కదా.

"పసుపేంది చక్రానికి?"

"దసరా పూజ. మా ఆయన పెట్టిండు."

"నూనె కలిపా?" ఆమె చక్రం అంచును వేలితో రాసి, బ్రేకు రబ్బరు ఎక్కడ ఆనుతుందో వంగి చూసి, నన్ను చూసింది. "ఓ తల్లీ. పెండ్లిపిల్లకు నలుగు పెట్టినట్టు పెట్టిండు. ఇగ ఆగుమంటే యాడాగుతది?"

అప్పుడు నాకు మొత్తం కనిపించింది. నల్ల సైకిళ్లకు బ్రేకు రబ్బరు చక్రం అంచుకు లోపలి వైపు, కింది నుంచి పైకి ఆనుతుంది. మా ఆయన ఆ లోపలి వైపు ఒక్క చుక్క తగలనివ్వలేదు. జాగ్రత్తగా వదిలేశాడు. ఈ సైకిల్‌కు రబ్బర్లు రెండు పక్కల నుంచి పట్టుకుంటాయి. ఆయన అందంగా బొట్లు పెట్టింది సరిగ్గా అక్కడే.

నాకు కోపం రాలేదు. ఆయన నవ్వు గుర్తొచ్చింది. తర్వాత గేటు గుర్తొచ్చింది.

"అక్కా, టైమెంత?"

ఆమె రవికలోంచి ఫోన్ తీసింది. "ఏడూ ముప్పై మూడు."

ఇంకా మూడు కిలోమీటర్లు. ఎదురుగా దిగుడు సగం మిగిలే ఉంది.

"జర బూడిద ఇయ్యవా? పొయ్యిలది."

ఆమెకు వెంటనే అర్థమైంది. ఇద్దరం రోడ్డు పక్కన కూర్చున్నాం. చల్లారిన బూడిద, గింజ వలిచేసిన మక్క బెండ్లు. ఆమె ముందు చక్రం, నేను వెనక చక్రం, గిన్నెలు తోమినట్టు తోమాం. నీళ్లు పోసి, బూడిద కొట్టి, మళ్లీ తోమాం. నిన్న అంత శ్రద్ధగా పెట్టిన బొట్లు ఒక్కొక్కటీ పచ్చని బురదై కారిపోతుంటే నాకు చేతులు ఆడలేదు. ఆమె ఊరుకోలేదు.

"తోమే, తోము. దేవుడు బతుకుమన్నడు గని పడి సావుమన్నడా?"

బ్రేకు రబ్బర్లను కూడా రాయికి రాసి, పైట కొంగుతో తుడిచి ఆరబెట్టాం. చక్రం తిప్పి మీట నొక్కాను. కిర్రుమని పట్టింది. ఆ చప్పుడు! చిటికెన వేలంత రబ్బరు ముక్క రెండు పక్కల నుంచి పట్టుకుంటే, మనిషి ప్రాణం నిలబడుతుంది.

ఊడిన గొలుసు ఎక్కించాను. నా మోచేతికి ఆమె పాత గుడ్డ పీలిక ఒకటి కట్టింది. చెల్లాచెదురైన మక్కలు చూసి, "మల్ల వస్త, కుప్పకు జేస్త అక్కా" అన్నాను.

"పో పో. వచ్చేటప్పుడు జెయ్యి. నీ గేటు నా మక్కల లెక్క ఆగుతదా?"

తొక్కాను. ఆ మూడు కిలోమీటర్లలో ఒక్క రాయీ చదవలేదు. కల్వర్టు దాటాక ఎక్కుడులో మీట లాగితే గొలుసు దూకింది, కాళ్ల కింద రోడ్డు తేలికైంది. మోచేయి మండుతోంది. మలుపు తిరిగేసరికి గేటు ఒక రెక్క మూసి ఉంది. కాపలా ఆయన రెండో రెక్క మీద చేయి వేసి నిలబడ్డాడు.

"రా అక్కా, రా! ఏందిది, మక్కలల్ల పొర్లినవా? రెండు నిమిషాలే ఉన్నయ్!"

సైకిల్ దిగకుండానే రెక్కల సందులోంచి లోపలికి వెళ్లి బ్రేకు నొక్కాను. ఆగింది. నొక్కిన చోటే ఆగింది.

ఆ రోజంతా తెల్ల చొక్కాల చేతులు కుడుతూ, మోచేతి నెత్తురు వాటికి అంటకుండా చేయి ఎత్తి పట్టుకున్నాను. జడలోంచి అప్పుడొకటి అప్పుడొకటి మక్క గింజ మిషన్ మీద రాలేది. సాయంత్రం తిరిగి వస్తూ ఆమె మక్కలు కుప్ప చేశాను. ఆమె చాయ పోసింది.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన వాకిట్లో ఉన్నాడు. నా మోచేతి కట్టు కంటే ముందు చక్రాలు చూశాడు.

"బొట్లేవీ?"

దారి పొడుగునా ఆలోచించుకుంటూ వచ్చాను, ఏం చెప్పాలా అని. వాన పడి పోయాయనొచ్చు. కానీ వాన లేదు. నిజం చెబితే రేపు సైకిల్ గోడెక్కుతుందేమో, దానితో పాటు నా మిషన్ కూడా పోతుందేమో. చెప్పకపోతే వచ్చే దసరాకు మళ్లీ పెడతాడు. సైకిల్‌ను గోడకు ఆనించి, ఆయన పక్కన కూర్చున్నాను.

"సాంచ బ్రేకు తోలుకు నూనె పెడితే ఏమైతది?"

"ఎవడన్న పెడ్తడా? జారుతది. పోగులన్నీ తెంపుకుంట పోతది." అలవాటుగా చెప్పేశాడు. ఎంతమందికి నేర్పాడో ఆ మాట. చెప్పాక ఆగాడు. లేచి వెళ్లి చక్రం పక్కన కూర్చున్నాడు. చూపు ఆనక, వేలు పెట్టి తడిమాడు: రబ్బరు, అది ఆనే చోటు, మళ్లీ రబ్బరు. ఆ వేలు అక్కడే ఉండిపోయింది.

"యాడ పడ్డవ్?"

"మక్కలల్ల. ఏం కాలే. గేటుకు అందిన."

"నా చెయ్యితోటి నేనే..." అన్నాడు. అన్నం తినలేదు. పడుకునే ముందు ఒకే మాట అన్నాడు. "ఇగ తొక్కకు."

"తొక్కకుంటే ఎట్ల పోవాలె?"

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లారి లేచి చూస్తే వాకిట్లో గోడ దగ్గర సైకిల్ లేదు. ఏ చుట్టం ఇంట్లోనో పెట్టి వచ్చాడనుకున్నాను. రిజిస్టర్‌లో మూడో గీత కళ్ల ముందు కనిపించింది. ముఖం కూడా కడుక్కోకుండా గల్లీలోకి పరుగెత్తాను.

గల్లీ చివర నుంచి ఆయన వస్తున్నాడు, సైకిల్‌ను నడిపించుకుంటూ. నాలుగు అడుగులు నెట్టడం, రెండు మీటలూ నొక్కడం, ఆగడం. తల వంచి ఆ పట్టును చెవితో వినడం. మళ్లీ నాలుగు అడుగులు. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. చక్రాలు, రబ్బర్లు, గొలుసు అన్నీ గ్యాసునూనెతో, అంటే కిరోసిన్‌తో కడిగి, సర్ఫు నీళ్లతో మళ్లీ కడిగి, ఆరబెట్టాడు. పక్కింటామె చీపురు పట్టుకుని చూస్తూ నిలబడింది.

"ఏంది బావా, వదినెను దింప నేర్చుకుంటున్నవా?" అంది.

"ఆమెను నేను దింపుడేంది? ఆమెనే పోతది" అన్నాడు ఆయన, ఆగకుండా.

మా గడప దగ్గరికి వచ్చాక సైకిల్ లోపలికి తేవాలని రెండు చేతులా పట్టుకుని నడుం బిగించాడు. అన్ని రోజుల్లో ఆయన దాన్ని ఎత్తడం అదే మొదలు. ఎత్తాడు. అది లేచిపోయింది. ఆయన అలాగే, గడప మీద, దాన్ని గాలిలో పట్టుకుని నిలబడిపోయాడు. హ్యాండిల్ మధ్యలో, దేనికీ తగలని చోట, ఒక్క పసుపు బొట్టు ఉంది.

"గింత అల్కగుంటదానే ఇది?" అన్నాడు.

"గింతే."

ఇంకా దించలేదు. నేను లోపలికి వెళ్లి గోచి బిగించుకున్నాను. ఏడు కావస్తోంది.